తలుపు అధికరణం

తెప్పనాడులో ఒక ఆచారం ఉంది. వాననీళ్ళ తొట్టికి పగులొస్తే దానికి అతుకు వేసినవాళ్ళే, తొట్టి మళ్ళీ నిండిన రోజున మొదటి గ్లాసు తాగాలి. జనం చుట్టూ నిలబడి చూస్తారు. అతుకు మంచిదైతే తాగినవాడు మూతి తుడుచుకుని నవ్వుతాడు. కాకపోతే ఆ సంగతి ముందు వాడి కడుపుకే తెలుస్తుంది. సముద్రం తీరం పొడుగునా ఊళ్ళను తినేశాక, మిగిలిన పడవలూ బల్లకట్లూ పాత ఓడలూ గొలుసులతో ఒకదానికొకటి కట్టుకుని నీళ్ళ మీదే కాపురం పెట్టినవాళ్ళు తెప్పనాడు జనం. మంచినీళ్ళ విషయంలో వాళ్ళ దగ్గర వేళాకోళాలు చెల్లవు.

అలాంటి జనం రాజ్యాంగం రాసుకోవడానికి కూర్చుంటే ఏం చేస్తారు? అదే చేశారు. ఏ అధికరణం ఎవరు రాస్తే వాళ్ళే దాన్ని మొదట తాగి చూపించాలని తీర్మానించారు. జెండా రంగు మీద నెలల తరబడి పోట్లాడుకున్న సభ అది. ఉప్పుచేప మీద పన్ను మాట ఎత్తితే బల్లలు విరగ్గొట్టిన సభ. ఈ ఒక్క తీర్మానానికి మాత్రం కిక్కురుమనకుండా అందరూ చేతులెత్తారు.

అధికరణాన్ని తాగడం ఎలాగంటే, అందుకు పైడిరాజు దగ్గర ఒక కుర్చీ ఉంది.

పైడిరాజు ఆ కుర్చీని మొదట పడవ నడపడం నేర్చుకునే కుర్ర సరంగుల కోసం తయారుచేశాడు. అందులో కూర్చోబెట్టి నెత్తిన టోపీ బిగిస్తే, గదిలో ఉన్నవాడికి నడిసముద్రంలో తుఫాను చూపిస్తుంది. తుఫాను బదులు చట్టాన్ని ఎక్కిస్తే ఏమవుతుందో చూద్దామని ఒకరోజు అతనికే బుద్ధి పుట్టింది. చూశాడు. కుర్చీ ఆ చట్టం కింద బతికేవాళ్ళలో అందరికన్నా ఎక్కువ దెబ్బ తినే మనిషిని వెతికి, కూర్చున్నవాళ్ళ చేత ఆ మనిషి బతుకు మొత్తం బతికించింది. అన్నం ఉడికేలోపు ఏళ్ళకేళ్ళు గడిచిపోయాయి. కాగితాల్లో దాని పేరు ఫలానుభవ యంత్రం. జనం నోట్లో బతుకు కుర్చీ.

మొదట్లో అందరికీ అది దేవుడిచ్చిన వరంలాగే కనిపించింది. వలల హక్కు మీద ఘనంగా ఒక అధికరణం రాసిన జగ్గారావు, కుర్చీలో పీతలు ఏరుకుని బతికే వితంతువుగా ముసలితనం దాకా బతికి, ఏడుస్తూ లేచి, తన అధికరణాన్ని తనే కొట్టేసి కొత్తగా రాశాడు. సభ చప్పట్లు కొట్టింది. ఆ వారంలోనే జగ్గారావు తమ్ముడు వాళ్ళింటికి వెళితే, గుమ్మంలో నిలబడి ఎవరు కావాలండీ అని అడిగాడు జగ్గారావు.

కుర్చీకి సొంత ముఖాలు లేవు. ఆ సంగతి పైడిరాజుకి అప్పుడు తెలిసింది. అది గీసే బొమ్మకి రంగు కావాలి, ఆ రంగుని కూర్చున్నవాళ్ళ తలలోంచే గోకి తీస్తుంది. చట్టం ఏ గాయాన్ని తాకితే ఆ గాయానికి దగ్గరగా ఉన్న ముఖాన్ని తీస్తుంది. తీసింది తిరిగి రాదు. ముఖంతో పాటు దానికి అంటుకున్న మాటలూ, రోజులూ, తగాదాలూ అన్నీ పోతాయి. జగ్గారావుకి తమ్ముడితో దిగిన ఫోటోలు చూపించారు. మర్యాదగా చూసి తిరిగి ఇచ్చేశాడు. తమ్ముడు వదలకుండా గుర్తు తెచ్చుకో, గుర్తు తెచ్చుకో అని పట్టుకుంటే జగ్గారావు తల బాదుకుని చిన్నపిల్లాడిలా భయపడిపోయాడు. చివరికి తమ్ముడే, పొరపాటైందండీ, వేరే ఇల్లనుకున్నాను అని చెప్పి వెళ్ళిపోయాడు. ఇప్పుడు వాళ్ళిద్దరూ వంతెన మీద ఎదురుపడితే దణ్ణాలు పెట్టుకుంటారు.

కుర్చీ ఆపేద్దామని పైడిరాజు సభకు చెప్పాడు. సభ విచారపడింది, చర్చించింది, ఆపలేదు. తుఫాన్ల కాలం మొదలయ్యేలోపు రాజ్యాంగం ఆమోదం పొందకపోతే పాత తాత్కాలిక నిబంధనలే ఇంకో ఏడాది నడుస్తాయి. ఆ నిబంధనలంటే అందరికీ భయమే. అందరికన్నా ఎక్కువ భయం పైడిరాజు భార్య నూకరత్నానికి.

ఆమె ముసాయిదా సంఘంలో సభ్యురాలు. అన్ని అధికరణాల్లోనూ ఆమె చెయ్యి ఉంది కానీ సొంతంగా రాసింది ఒక్కటే. నాలుగు ముక్కలది. "లోపల ప్రాణమున్నవారెవరూ బయట ప్రాణమున్నవారి మీద నీటితలుపు మూయరాదు. మూయమని ఆజ్ఞాపించే అధికారం ఎవరికీ లేదు."

తెప్పనాడులో కాపురాలన్నీ ఓడల కడుపుల్లోని అరల్లోనే. అరకీ అరకీ మధ్య ఇనుప తలుపులుంటాయి. వాటినే నీటితలుపులంటారు. తుఫానులో ఒక అరకి నీళ్ళొస్తే పక్క అరలు మునగకుండా వాటిని మూస్తారు. తాత్కాలిక నిబంధనల ప్రకారం కాపలా పెద్ద ఎప్పుడు మూయమంటే అప్పుడు మూయాలి. ఆరేళ్ళ కిందట కాపలా పెద్దగా ఉన్న లచ్చయ్య ఒక తలుపు మూయించాడు. లోపల చాలా కుటుంబాలు బతికాయి. బయట ఉండిపోయినవాళ్ళలో పైడిరాజు, రత్నం దంపతుల కూతురు ఉంది. పేరు కనకవల్లి. ఎప్పుడు చూసినా గుప్పెట్లనిండా గవ్వలే కాబట్టి అందరికీ గవ్వ. తొమ్మిదేళ్ళది.

లచ్చయ్య రత్నానికి వరసకి బాబాయ్. ఆ రోజు నుంచి ఆమె అతనితో మాట్లాడలేదు. సభలో అతను ఎదురు బల్ల మీదే కూర్చునేవాడు. తలుపు అధికరణానికి అతనే పెద్ద అడ్డు. కాపలా పెద్ద చేతులు కట్టేస్తే ఓడంతా మునుగుతుందని ప్రతిసారీ లేచి చెప్పేవాడు. అబద్ధం కాదు కూడా. అతను మాట్లాడుతున్నంతసేపూ రత్నం గోడ వైపు చూసేది.

ఆమె కుర్చీలో కూర్చునే రోజు దగ్గరపడుతుంటే పైడిరాజు అడ్డుపడ్డాడు. ఆ అధికరణం ఏ ముఖాన్ని అడుగుతుందో కుర్చీ చేసినవాడికి తెలియదా? తానే కూర్చుంటానన్నాడు. రాసినవాళ్ళే కూర్చోవాలి, పైగా అతను సభ్యుడు కాదు. అయితే ఆ పిల్ల ముఖం జోలికి పోకుండా కుర్చీకి అడ్డు పెడతానన్నాడు. అది అతనికి చేతనవును. కానీ రంగు లేని బొమ్మ చూసి లేచిన మనిషి సభ ముందు ఏం సాక్ష్యం చెబుతుంది? ఆ మాటే అంది రత్నం.

"దొంగనీళ్ళు తాగి బాగున్నాయని సెప్పమంటావా మావా? రేపు ఎవరి పిల్లో మళ్ళీ బయటుండిపోతే?"

"దాన్ని మర్చిపోతావే. దానికోసం రాసిందానివి, అదెవరో తెలీకుండా లేస్తావు."

 రత్నం అన్నం గిన్నె మీద మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

"నాకు తెలీకపోతే నీకు తెలుస్తది గదా," అంది చివరికి. "ఇద్దరం మోసేం ఇన్నాళ్ళూ. ఇకనించి నువ్వొక్కడివే మొయ్యి."

 ఆమె పట్టిన పట్టు విడిచే మనిషి కాదని పెళ్ళైన కొత్తలోనే పైడిరాజుకి తెలుసు.

ముందురోజు సాయంత్రం ఇద్దరూ ఓడ పైకెక్కి కూర్చున్నారు. కూతురి గురించి తనకు గుర్తున్నదంతా ఆమె అతనికి చెప్పింది. అతనికీ తెలిసిన కూతురే, కానీ తెలియనివి ఎన్నో ఉన్నాయి. కడుపులో ఉన్నప్పుడు చింతకాయ పచ్చడి తింటే తన్నేదట. నాన్న గురక పెడితే ముక్కు మూసి, మేలుకునేలోపు పారిపోయేదట. చేతుల్లో గవ్వలుండటం వల్ల ఎప్పుడూ మోచేత్తోనే తలుపు కొట్టేదని అతనికి తెలుసు. చేతులు ఖాళీగా ఉన్నా మోచేత్తోనే కొట్టేదని, అమ్మ గుర్తుపట్టాలని అలా కొట్టేదని మాత్రం తెలియదు. రత్నం ఏడవలేదు. ఇల్లు అప్పగించి ఊరెళ్ళే మనిషి ఏ గిన్నె ఎక్కడుందో చెప్పినట్టు, ఏదీ వదలకుండా చెప్పుకుంటూ పోయింది. పైడిరాజే మొహం తిప్పుకుని ఏడ్చాడు.

కుర్చీ ఉన్న గది ఒకప్పుడు చేపలకు ఐసు నిలవచేసిన గది. ఎన్నిసార్లు కడిగినా నీచువాసన పోలేదు. పొద్దున్నే రత్నం తలస్నానం చేసి వచ్చింది. కుడిచేతి మణికట్టుకి గవ్వ ఆకుపచ్చ రిబ్బను చుట్టుకుంది. సభ తరఫున ఇద్దరు సాక్షులొచ్చి గోడ పక్కన నిలబడ్డారు. వాళ్ళు నిబంధన చదివారు. సాక్ష్యం చెప్పేవరకూ ఈ అధికరణానికి సంబంధించిన సొంత సంగతి ఏదీ ఆమెకు ఎవరూ గుర్తు చేయకూడదు, చేస్తే ఆ సాక్ష్యం చెల్లదు, అధికరణం పోతుంది. భర్తకీ మినహాయింపు లేదు. పైడిరాజు తల ఊపి టోపీ బిగించాడు. పట్టీ రెండుసార్లు జారింది.

"బిగించు మావా, ఏం కాదు," అంది రత్నం.

అతను మీట తిప్పాడు.

లోపల ఏం జరుగుతుందో బయటివాళ్ళకు కనిపించదు. ముఖం చూసి ఊహించుకోవాలంతే. మొదట్లో రత్నం ముఖం వెలిగింది, పెదాలు నవ్వాయి. ఎవరి కాపురమో చేస్తోంది, ఎవరి పిల్లల్నో పెంచుతోంది. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి. తుఫాను వచ్చిందని పైడిరాజుకి అర్థమైంది. ఆమె ఏదో వింటున్నట్టు తల పక్కకి వంచింది. నోట్లోంచి మాట వచ్చింది. "ఆగు తల్లీ, తీస్తన్నా."

పైడిరాజు చెయ్యి మీట మీదకు వెళ్ళింది. ఆపేయొచ్చు. ఇప్పుడు ఆపితే సగమైనా మిగులుతుంది. సాక్షులు అతని చేతినే చూస్తున్నారు. అతను చెయ్యి వెనక్కి తీసుకుని రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

కళ్ళు తెరిచాక రత్నం మంచినీళ్ళడిగింది. గ్లాసు పట్టుకున్నప్పుడు మణికట్టుకున్న రిబ్బను కనిపించింది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేటి, ఎవరిదో నా సేతికుంది," అని ముడి విప్పి, మడత పెట్టి బల్ల మీద ఉంచింది. ఎవరిదో పారేసుకున్న వస్తువుని జాగ్రత్త చేసే మనిషిలాగే ఉంచింది.   సాక్షులు వెళ్ళాక పైడిరాజు రిబ్బను తీసి జేబులో పెట్టుకున్నాడు.

సాక్ష్యానికి ఇంకా రెండు రోజులున్నాయి. ఆ రెండు రోజులూ ఇంట్లో రత్నం మామూలుగానే ఉంది. అసలు బాధ అదే. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో లేని మామూలుతనం అది. వండుతూ కూనిరాగం తీసింది. చింతకాయ పచ్చడి నూరింది, కూతురు పోయాక ఎన్నడూ నూరలేదు. పైడిరాజు ఆ పచ్చడి కలుపుకుని ముద్ద మింగలేక నీళ్ళు తాగాడు. కారం ఎక్కువైందా అని నొచ్చుకుంది. పెళ్ళైన కొత్తలోని మనిషి తిరిగి వచ్చినట్టుంటే, అందుకు సంతోషించాలో ఏడవాలో తెలియక అతను ఓడ మీద పనిలేకపోయినా తాళ్ళు బిగిస్తూ తిరిగాడు.

అక్కడికే లచ్చయ్య వచ్చాడు. మనిషి వంగిపోయి ఉన్నాడు. వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అల్లుడూ, పొద్దున్న వంతెన మీద రత్నం ఎదురైంది. 'ఏం బాబాయ్, బాగున్నావా, మోకాళ్ళ నొప్పులు తగ్గేయా' అని అడిగింది."

పైడిరాజు చేతిలోని తాడుకి ఇంకో ముడి వేశాడు.

"ఆరేళ్ళు నా మొహం సూళ్ళేదు. అది సూడకపోతేనే నాకు బాగుండేదిరా. నేను సేసింది ఒకళ్ళన్నా గుర్తెట్టుకున్నారు అనిపించేది. ఇయ్యాల నవ్వింది నన్ను సూసి." ముసలాయన తువ్వాలు మొహానికి అడ్డు పెట్టుకున్నాడు. "ఆ పిల్ల సంగతి సెప్పెయ్ దానికి. అధికరణం పోతే పోనీ."

అధికరణం పోతే గెలిచేది లచ్చయ్యే. కానీ ఆ మాట గెలుపు కోసం అన్నది కాదని పైడిరాజుకి అర్థమైంది. ముసలాయన మీద మొదటిసారి కోపం రాలేదు. చెప్పెయ్యాలని అతనికీ నాలుక చివర దాకా ఉంది. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి రత్నం సభలో చెప్పబోయే మాటలు తనలో తను అనుకుంటోంది. ఈ అధికరణం రాసిందెవరని అడిగితే నువ్వేనని సాక్షులు చెప్పారట. ఎందుకు రాశానో గుర్తు రావడం లేదు మావా, అంది. కుర్చీ మనిషి తలలోంచి ఏం తీస్తుందో కూడా, కూతురి గురించి వాదించుకున్న మాటలతో పాటే ఆమెకు పోయింది. అతను జేబులో రిబ్బనుని పిడికిట్లో నలుపుతూ, నువ్వు చూసిందే చెప్పు చాలు అన్నాడు. ఇంకేమన్నా అంటే ఆమె ఇచ్చినదంతా బూడిదలో పోసినట్టే.

సభ జరిగేది పాత ఓడ పొట్టలోనే. ఆ రోజు నిలబడటానికి కూడా చోటు లేదు. ఆకాశం అప్పటికే మబ్బేసింది. ఈ ఒక్క అధికరణం తేలితే రాజ్యాంగం మొత్తం ఆమోదానికి వెళుతుంది. రత్నం లేచి నిలబడి ఏ కాగితమూ లేకుండా చెప్పింది. లోపలి అరలో ఉండే ఆడమనిషిగా బతికిందట. అత్తగారు మంచంలో ఉంది, చంటిబిడ్డ ఉయ్యాల్లో ఉన్నాడు. తుఫానులో తలుపు బయట ఒక పిల్ల కొట్టిందట. తీసింది. పిల్లతో పాటు నీళ్ళూ వచ్చాయి. అత్తని మోయలేకపోయింది. చంటిబిడ్డ చలిజ్వరంతో నాలుగో రోజున పోయాడు.

సభలో గుసగుసలు లేచాయి. ఇది అధికరణానికి వ్యతిరేక సాక్ష్యమే కదా అని ఎవరో పైకే అన్నారు.  అన్నీ పోగొట్టుకుని చివరికి ఇదీ పోతుందా అనుకున్నాడు పైడిరాజు.

"ఈ అధికరణం వల్ల మనుషులు పోతారు. నేను చూశాను," అంది రత్నం. "లచ్చయ్య బాబాయ్ చెప్పేది నిజమే. తలుపు తీసినందుకు ఆ బతుకంతా ఏడ్చాను. అయినా ఇది ఉండాలి."

ఎందుకుండాలో కారణం చెప్పమన్నాడు అధ్యక్షుడు.

"కారణం నా దగ్గర లేదండి. ఎక్కడో ఉండే ఉంటుంది, వెతికితే దొరకట్లేదు. ఆ పిల్ల కొడుతుంటే నేనెవరో, అదెవరో కూడా అడగలేదు నా చెయ్యి. గడియ మీదకు వెళ్ళిపోయింది. ఆ చేతిని ఆపే అధికారం ఏ చట్టానికీ ఉండకూడదు. అంతే నేను చెప్పగలిగింది."

చేతులు ఒక్కొక్కటే లేచాయి. చాలా చేతులు లేచాయి కానీ చాలలేదు, ఇంకొక్కటి కావాలి. ఎదురు బల్ల మీద లచ్చయ్య తల వంచుకుని కూర్చున్నాడు. ఆ రోజు తలుపు మూయమని సైగ చేసిన చెయ్యి అతనిది. ఆ చేతినే మెల్లగా ఎత్తాడు. ఎత్తిన చెయ్యి దించడం మర్చిపోయి, శంఖాలు ఊదుతున్నా అలాగే కూర్చుండిపోయాడు.

రాజ్యాంగం ఆమోదం పొందింది. ఓడలన్నీ దీపాలు పెట్టాయి. పిల్లలు వంతెనల మీద పరుగులు తీశారు. ఆ సాయంత్రమే ప్రతి నీటితలుపు మీదా ఆ రెండు వాక్యాలు తెల్లరంగుతో రాయించారు. పైడిరాజూ రత్నం ఇంటికి వస్తూ తమ తలుపు దగ్గర ఆగారు. రంగు ఇంకా ఆరలేదు. రత్నం అక్షరాల వైపు చూస్తూ నిలబడింది.

"మావా, ఒకటడగనా? ఆ కుర్చీలో పిల్ల. ఇంకేదీ సరిగా గుర్తులేదు గానీ అది తలుపు కొట్టిన సప్పుడు సెవిలోంచి పోవట్లేదు. మోచేత్తో కొట్టింది. అలాగెవరు కొడతారు? ఆ కుర్చీకి ముఖాలు ఎక్కడ్నించొస్తాయి?"

ఇప్పుడు చెప్పవచ్చు. సాక్ష్యం అయిపోయింది, ఏ నిబంధనా అడ్డం లేదు. మన పిల్ల అని చెప్పడానికి పైడిరాజు నోరు తెరిచాడు. తల బాదుకుంటున్న జగ్గారావు కళ్ళ ముందు కదిలాడు. ఇకనించి నువ్వొక్కడివే మొయ్యి అన్న మాట గుర్తొచ్చింది.

"దాని పేరు గవ్వ," అన్నాడు. "నా కూతురు. ఆరేళ్ళ కిందట తుఫానులో పోయింది. తలుపు బయట ఉండిపోయింది."

రత్నం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దగ్గరకు వచ్చి అతని తల తన భుజానికి ఆనించుకుంది. చిన్నపిల్లాడికి రాసినట్టు వీపు మీద రాసింది.

"ఇన్నేళ్ళ కాపురంలో నీకో కూతురుండేదని నాకెప్పుడూ సెప్పలేదేటి మావా," అంది. "ఎంత కట్టం దాసుకున్నావు లోపల."

అతను ఆమె భుజం మీద ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె అతన్ని వదలకుండా పట్టుకుని, తలుపు వైపే చూస్తూ కాసేపటికి నెమ్మదిగా అంది.

"ఆ పిల్ల తల్లి ఎలా తట్టుకుందో పాపం."